అప్పుడు భయపడ్డాం.. ఇప్పుడు అందులోనే పోతున్నాం!

ఊత్తంగరై: విమానం ఎక్కాలంటే మనవాళ్లు ఎక్కువగా హోసూరు దాటి బెంగళూరు పోతారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా బోయింగ్ 787 కూలి 260 మంది చనిపోయాక ‘అది ఏ కంపెనీ విమానం?’ అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అడగడంలో తప్పులేదు.

బెంగళూరుకు ఈ ప్రశ్న కొత్త కాదు. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ320, హెచ్ఏఎల్ రన్‌వేకు ముందే గోల్ఫ్ మైదానంలో కూలింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. కంప్యూటర్లతో నడిచే కొత్తరకం విమానం కావడంతో తప్పు యంత్రానిదా, పైలట్లదా అని గొడవ లేచింది. ప్రభుత్వం ఆ రకం విమానాలన్నిటినీ నిలిపేసింది. దిగేటప్పుడు ఇంజిన్లు ఐడిల్‌లో ఉండి వేగం పడిపోతున్నా పైలట్లు సకాలంలో గమనించలేదని విచారణ తేల్చింది. నేడు ఇండిగో విమానాల్లో ఎక్కువ భాగం ఆ ఏ320 కుటుంబానివే.

దాచితే ఏమవుతుందో బోయింగ్ 737 మ్యాక్స్ చూపించింది. ముక్కును కిందికి దించే సాఫ్ట్‌వేర్ సంగతి పైలట్లకు సరిగా చెప్పలేదు. 2018, 2019లో రెండు విమానాలు కూలి 346 మంది పోయారు.

అహ్మదాబాద్ ప్రమాదంపై 2025 జూలైలో వచ్చిన ప్రాథమిక నివేదిక, ఇంధన స్విచ్‌లు కటాఫ్‌కు మారాయని చెప్పింది. ఎందుకు మారాయో చెప్పలేదు. జనం అడిగేది ఆ ‘ఎందుకు’నే. నష్టపరిహారం చెక్కుతో నమ్మకం తిరిగిరాదు.