రాచపుండును జన్యువుల ప్రతులును

రొమ్మునందు గడ్డ కనబడి, వైద్యులు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపినప్పుడు, తిరిగివచ్చు నివేదికలో హెర్‌-2 అను నొక పంక్తి యుండును. దాని ప్రక్కను సున్న గాని, 1, 2, 3 అను అంకెలలో నొకటి గాని వేయుదురు. ఇంటిలోని మగవారు ఆ కాగితమును మడిచి సంచిలో పెట్టుకొని వైద్యుని గదికి పోవుదురు. రోగి యైన యిల్లాలికి ఆ యంకె యేమో తెలియదు. సోదరీమణులారా, తన దేహమును గూర్చిన యా పంక్తిని ఆమెయే చదువుకొనగలుగవలెనని నా తలంపు.

మన దేహములోని కణములలో డీఎన్‌ఏ అను గ్రంథము కలదు. అందలి యొక్కొక్క అధ్యాయము ఒక్కొక్క జన్యువు. ప్రతి జన్యువునకు సాధారణముగా రెండు ప్రతులుండును. తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి. కణము తనకు వలయు అధ్యాయమును చూచి ఆర్‌ఎన్‌ఏ అను చీటిపై నకలు వ్రాసికొనును. ఆ చీటిని బట్టి మాంసకృత్తు తయారగును. గ్రంథము వేఱు, దానిని చదువుట వేఱు. ఇంట భారతము పదునెనిమిది పర్వములు నున్నను, వానలకొఱకు చదివించునది విరాటపర్వ మొక్కటే కదా!

కణము రెండగునపుడు గ్రంథమంతయు తిరిగి వ్రాయబడవలెను. రాచపుండు కణములలో వ్రాయసకాని చేయి తప్పును. ఒకచోట అధ్యాయము లెగిరిపోవును. మఱొకచోట నొక్క యధ్యాయమే పదిమార్లు, ఇరువదిమార్లు వ్రాయబడును. 17వ క్రోమోజోముపై నుండు హెర్‌-2 జన్యువునకు పట్టు గతి యిదియే. 1987లో అమెరికాలో డెన్నిస్ స్లామన్ అను వైద్యుడును సహచరులును 189 రొమ్ము గడ్డలను పరీక్షించి, నూటికి సుమారు 30 గడ్డలయందు ఈ జన్యువు ప్రతులు పెరిగియుండుటను, అట్టి స్త్రీలకు వ్యాధి త్వరగా తిరుగబెట్టుటను ప్రకటించిరి. తరువాతి లెక్కలలో నూటికి 15 మొదలు 20 వఱకని తేలినది. హెర్‌-2 మాంసకృత్తు కణము పైపొరయందు నిలిచి, పెరుగుమను నాజ్ఞను లోపలికి పంపును. ప్రతులు పెరిగిన కొలది చీటీలు, చీటీలు పెరిగిన కొలది మాంసకృత్తులు. ఇక నా యాజ్ఞకు విరామము లేదు.

అయినను ప్రతులెక్కువైనంత మాత్రమున చదువు నెక్కువగునా? 2002లో జొనాథన్ పొలాక్ మొదలగువారు 44 రొమ్ము గడ్డలలో 6,691 జన్యువులను సరిపోల్చి చూచిరి. ప్రతులు మిక్కిలి పెరిగిన జన్యువులలో నూటికి 62 మాత్రమే చెప్పుకొనదగినంత హెచ్చుగా చదువబడుచుండెను. సగటున ప్రతులు రెండింతలైనచో చీటీలు ఒకటిన్నర రెట్లే. తక్కినవి పెట్టెలో మూసిపెట్టిన పుస్తకముల వంటివి; ముఖ్యమైన జన్యువునకు పొరుగున నున్నందున, పెండ్లివారి వెంట వచ్చిన పేరంటాండ్రవలె, తోడుగా నకలైనవియు కలవు.

అందుచేత పరీక్షలు రెండు. మొదటిది మాంసకృత్తునకు రంగు పట్టించి చూచుట. పైని చెప్పిన యంకెలు దీనివే. 3 అన్నచో హెర్‌-2 అధికమని నిశ్చయము. సున్న, 1 అన్నచో అధికము కాదు. 2 అన్నచో సందేహము. అప్పుడు ఫిష్ అను రెండవ పరీక్షచే జన్యువు ప్రతులనే మెఱయు చుక్కలుగా చేసి లెక్కింతురు. దీనికి వేఱుగ సొమ్మగుననియు, పెద్ద పట్టణమునకు పంపవలెననియు దీనిని విడిచిపెట్టు కుటుంబములు కలవు. 2 అని వచ్చిన పిమ్మట నిది విడువదగినది కాదు. ఏలయన, 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ అను మందు ఆ మాంసకృత్తునే పట్టి అడ్డగించును. హెర్‌-2 అధికమైన వారిలో నెందఱకో అది యాయువు పెంచినది. తక్కినవారికి వృథా వ్యయము. గుండె బలమును తగ్గింపగలదు గావున, మందుకు ముందును నడుమను గుండె పరీక్ష చేయింతురు. మన దేశముననే తయారైన తత్సమానౌషధములు 2014 నుండి దొరకుచున్నను, వెల సామాన్య సంసారములకు భారమే.

మఱియొక మాట. వ్యాధి ఇతరావయవములకు ప్రాకిన వారిలో, 1 వచ్చినవారికిని, 2 వచ్చి రెండవ పరీక్షలో ప్రతులు పెరుగలేదని తేలినవారికిని పనికివచ్చు మందు, ట్రాస్టుజుమాబునకు తీవ్రమైన మఱొక ఔషధమును జతచేసినది, 2022లో అమెరికాలో అనుమతి పొందినది. కావున పాత నివేదికలోని 1ని చూచి ఏమియు లేదని కాగితమును పారవేయక, దాచియుంచి వైద్యునికి చూపుడు.