జలాశయ మత్స్యకారునికి తగిన పడవ: రెండు చిన్న అల్యూమినియం నమూనాల తులనాత్మక పరిశీలన

తెలుగు రాష్ట్రాల జలాశయాలలో చేపల వేట నేటికీ చాలావరకు పుట్టి, తెప్ప, చిన్న కర్ర పడవల మీదనే సాగుతున్నది. వెదురు అల్లికకు తారు పూసిన గుడ్డనో ప్లాస్టిక్ పట్టానో తొడిగి తయారుచేసే పుట్టి చవకైనది, తేలికైనది. ఒక్క మనిషి ఒడ్డుకు మోసుకొని రాగలడు. అయితే గుండ్రని ఆకారం వల్ల అది గాలివాటుకు కొట్టుకొనిపోతుంది. దూరప్రయాణానికి, ఇంజను అమరికకు అనువుగా ఉండదు. కర్ర పడవకు మంచి కలప దొరకడం కష్టమైనది. ఈ పరిస్థితిలో మత్స్య సహకార సంఘాలు ప్రత్యామ్నాయం వెదకినప్పుడు ఫైబర్ గ్లాసు పడవతోపాటు అల్యూమినియం పడవ కూడా పరిశీలనకు వస్తుంది.

అప్పుడు సంఘం ముందుకు సాధారణంగా రెండు నమూనాలు వస్తాయి. రెండింటి పొడవు 12 అడుగులు, వెడల్పు 4 అడుగులు, రేకు మందం 2 మి.మీ. తేడా అడుగు భాగంలో ఉంటుంది. ఒకదాని అడుగు చదునుగా, అణియం వెడల్పుగా ఉంటుంది. మరొకదాని అడుగు 'వి' ఆకారంలో, అణియం కోసుగా ఉంటుంది. ధరపట్టికలో పొడవు, మందం, వెల కనిపిస్తాయి. అడుగు ఆకృతి ఏ నీటికి తగినదో కనిపించదు. సంఘానికి సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్త ఆ లోటును పూరించవలసి ఉంటుంది.

అల్యూమినియం గుణాలు

అల్యూమినియం సాంద్రత ఘనసెంటీమీటరుకు 2.7 గ్రాములు, ఉక్కుది సుమారు 7.85 గ్రాములు. 2 మి.మీ. మందం గల చదరపు మీటరు అల్యూమినియం రేకు 5.4 కిలోలు తూగితే, అంతే ఉక్కు రేకు 15.7 కిలోలు తూగుతుంది. గాలి తగిలిన వెంటనే అల్యూమినియంపై ఏర్పడే పలుచని ఆక్సైడు పొర లోహాన్ని కాపాడుతుంది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికాలోని గ్రమ్మన్ విమాన నిర్మాణ సంస్థ, విమానాలకు వాడిన రేకు, రివెట్ల పరిజ్ఞానంతోనే కెనూ పడవలను తయారుచేసింది. ఉత్తర అమెరికా సరస్సులలో అల్యూమినియం చేపల పడవ వ్యాప్తికి ఆ పరిజ్ఞానం తోడ్పడింది.

పడవలకు సాధారణంగా మెగ్నీషియం కలిసిన మిశ్రమ లోహాలను వాడుతారు. 5052 రకంలో మెగ్నీషియం సుమారు 2.5 శాతం, 5083 రకంలో సుమారు 4.5 శాతం ఉంటుంది. రకం సంఖ్య చెప్పలేని రేకుతో చేసిన పడవను సంఘం అంగీకరించరాదు.

రెండు అడుగులు, రెండు స్వభావాలు

ఒకే బరువును రెండు పడవలలో ఉంచితే తేడా స్పష్టమవుతుంది. పడవ 90 కిలోలు, ఇద్దరు మనుషులు 130, ఇంజను ఇంధనంతో 40, తడిసిన వలలు 40, చేపలు మంచుతో 60 కిలోలు అనుకొంటే మొత్తం 360 కిలోలు. నీటిని తాకే భాగం 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు గలదైతే, చదునడుగు పడవ ప్రతి 36 కిలోలకు ఒక సెంటీమీటరు చొప్పున దిగుతుంది. అనగా మునకలోతు 10 సెం.మీ. అవే కొలతలతో, మధ్య నుండి ఇరువైపులా 12 డిగ్రీల వాలు గల వి-అడుగు పడవ సుమారు 16 సెం.మీ. దిగుతుంది. ఇది సరళీకరించిన లెక్కయే అయినా దిశ తెలుపుతుంది. జానెడు నీటిలో, నాచు మీదుగా, బురద ఒడ్డుకు చేరవలసినప్పుడు చదునడుగుదే పైచేయి.

నిలకడ విషయం అంత సూటిగా తేలదు. చదునడుగు పడవలో అడుగు పెట్టగానే అది స్థిరంగా తోస్తుంది. ఇద్దరూ ఒకే అంచున నిలిచి వల లాగినా తొలుత కొద్దిగానే ఒరుగుతుంది. దాని వెడల్పైన అణియం వల లాగుటకు చక్కని వేదికగా ఉపయోగపడుతుంది. అయితే పొట్టి, నిటారు అలలు లేచినప్పుడు చదునైన అడుగు అలను చీల్చలేక దానిపై మోదుకొంటుంది. పొట్టి అణియం మీదుగా నీరు లోనికి వస్తుంది. వి-అడుగు పడవ తొలి అడుగుకే ఒరిగి అనుమానం కలిగిస్తుంది. ముందుభాగం ఇరుకు కావడంతో వల పనికి చోటు తక్కువ. ఆ కోసైన అణియమే ఎదురు అలను చీల్చి, నీటిని ఇరుప్రక్కలకు త్రోసివేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పని సౌకర్యం ప్రతి దినమూ కనిపిస్తుంది. గాలి ప్రమాదం ఏడాదిలో కొన్ని ఘడియలే ఎదురవుతుంది. ఒడ్డున నిశ్చలమైన నీటిలో రెండు పడవలనూ ఎక్కి చూచినవారు చదునడుగు పడవనే మెచ్చుకొంటారు. కాని ప్రాణం నిలిచేదీ పోయేదీ ఆ కొన్ని ఘడియలలోనే. కనుక వేటకు వెళ్లే నీటిలో వచ్చే అతి కష్టమైన గంటను ఎంపికకు కొలమానంగా తీసుకోవాలి.

నీటిని బట్టి నిర్ణయం

అల ఎత్తు మూడు అంశాలపై ఆధారపడుతుంది: గాలి వేగం, అది వీచిన కాలం, అడ్డులేకుండా నీటిపై సాగిన దూరం. నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జలాశయాల విశాల భాగాలలో ఈ మూడవ అంశం పెద్దది. వేసవి సాయంత్రాల ఉరుముల గాలి, నైరుతి ఋతుపవన కాలపు గాలి అక్కడ తక్కువ వ్యవధిలో నీటిని కల్లోలపరుస్తాయి. అట్టి విశాల జలాన్ని దాటి వలలు వేసేవారికి వి-అడుగు పడవ తగినది. కొండల నడుమ పాయలలో, ఒడ్డు వెంబడి, చిన్న చెరువులలో వేటాడేవారికి చదునడుగు పడవ చాలును. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు వంటి లోతు తక్కువ, నాచు ఎక్కువ గల నీటిలో గడతో నడిపే పడవకు చదునడుగే సహజం. అక్కడి తాటి దోనె వాడుక కూడా లోతులేని నీటి అవసరాన్నే సూచిస్తుంది.

ముందుభాగం వి ఆకారంలో ఉండి, అమరం వైపు క్రమంగా చదునయ్యే మధ్యేమార్గపు నమూనాలు కూడా ఉన్నవి. రెండు రకాల నీటిలోనూ తిరిగేవారు వీటిని పరిశీలించవచ్చు. ఏ నమూనా అయినా వెడల్పుపై రాజీపడరాదు. చిన్న ఒరుగుడుకు ఆకృతి కలిగించే ప్రతిఘటన నీటిమట్టం వద్ద వెడల్పు యొక్క ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. పొడవు మారకుండా వెడల్పు 1.2 నుండి 1.4 మీటర్లకు పెరిగితే ఆ విలువ సుమారు 59 శాతం పెరుగుతుంది.

అతుకులు, మరమ్మతు

నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కనీస వినియోగ మట్టం 510 అడుగులు. నీరు తగ్గేకొద్దీ ఒడ్డు దూరమవుతుంది, రాళ్లు బయటపడతాయి, పడవను ఈడ్వవలసి వస్తుంది. రివెట్లతో అతికిన పడవ తేలికైనది. కాలక్రమేణా రివెట్లు వదులై నీరు ఊరవచ్చును, కాని సుత్తి, దిమ్మె, కొత్త రివెట్టు ఉంటే గ్రామంలోనే సరిచేయవచ్చు. వెల్డింగు పడవ గట్టిది. అయితే అల్యూమినియం వెల్డింగుకు ఆర్గాన్ వాయువుతో పనిచేసే యంత్రం, నేర్పరి కావాలి. ఉక్కు గేట్లు అతికే దుకాణంలో అది సాధ్యం కాదు. సమీప పట్టణంలో ఆ సౌకర్యం ఉన్నదో లేదో కొనుగోలుకు ముందే విచారించాలి.

రాగి, ఇత్తడి భాగాలు తడిలో అల్యూమినియాన్ని తాకితే అల్యూమినియమే తినివేయబడుతుంది. పులికాట్ వంటి ఉప్పుటేరుల్లో ఈ క్షయం మరింత వేగవంతం. రాగి కలిసిన రంగులను ఈ పడవల అడుగుకు పూయరాదు.

మునిగినా తేలవలెను

అల్యూమినియం తనంతట తేలదు. నీరు నిండిన పడవ నేరుగా అడుగుకు పోతుంది. 90 కిలోల పడవ మునిగినప్పుడు నీటిలో దాని బరువు సుమారు 57 కిలోలు, ఇంజనుది మరొక 20 కిలోలు. పడవను మాత్రమే తేల్చడానికి దాదాపు 80 లీటర్ల నురుగు దిమ్మెలు కావాలి. ఇద్దరు మనుషులు పట్టుకొని నిలువవలెనంటే 120 లీటర్లకు తగ్గరాదు. వీటిని అడుగున గాక ఇరుప్రక్కల అంచుల క్రింద బిగించాలి. అప్పుడే నిండిన పడవ తిరగబడక నిటారుగా తేలుతుంది. సాధారణ థర్మోకోల్ పెట్రోలు తగిలితే కరిగిపోతుంది కనుక ఇంధనానికి తట్టుకొనే, నీరు పీల్చని నురుగును ఎంచాలి. అమెరికాలో 20 అడుగులలోపు ఔట్‌బోర్డు పడవలకు తేలుడు ఏర్పాటు నిబంధనలలో భాగం. మన సంఘాలు దీనిని కొనుగోలు షరతుగా వ్రాసుకోవచ్చు.

కొనుగోలుకు ముందు పరీక్ష

పొడవు, వెడల్పుల అడుగులను గుణించి 15తో భాగిస్తే మనుషుల సంఖ్యకు స్థూలమైన అంచనా వస్తుంది. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుకు అది మూడు. వల, చేపల భారం చేరితే ఇద్దరే మేలు. ఇంజను కాడ పొడవు అమరం ఎత్తుకు సరిపోవాలి. సాధారణ కొలతలు 15, 20 అంగుళాలు. తరువాత లోతులేని నీటిలో ఇసుక సంచులతో పూర్తి భారం నింపి, నీటిపై మిగిలిన అంచు ఎత్తును కొలవాలి. లైఫ్ జాకెట్లు ధరించిన ఇద్దరిని ఒకే అంచున నిలిపి ఆ ఎత్తును మరల కొలవాలి. చివరగా ఇంజను తీసి, నురుగు దిమ్మెలు ఉంచి, పడవను నీటితో నింపి తేలుడును చూడాలి. తీసిన ఇంజనుకు బదులుగా నీటిలో 20 కిలోలు తూగేంత ఇనుమును అమరానికి కట్టాలి.

2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ వర్గాలకు 40 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగలు, మహిళలకు 60 శాతం వరకు సహాయానికి వీలు కల్పించారు. సహాయంతో వచ్చే పడవ కూడా ఆయా నీటికి తగినదై ఉండాలి. ఒకే జిల్లాలో పాయలో వేటాడే కుటుంబానికి చదునడుగు పడవ, నడి జలాశయం దాటే కుటుంబానికి వి-అడుగు పడవ అవసరం కావచ్చు. ఒకే నమూనాను అందరికీ పంచితే లెక్క సులభమవుతుంది గాని, గాలి లేచిన సాయంత్రం ఆ సౌలభ్యానికి మూల్యం చెల్లించేది మత్స్యకారుడే. కనుక సిఫారసు పత్రంలో పడవ పేరుకు ముందు అది తిరుగబోయే నీటి పేరు, అక్కడి లోతు, గాలి వివరాలు వ్రాయడం విస్తరణ అధికారుల ప్రథమ కర్తవ్యం.