ఓబీడీ పోర్టే లేని పాత జీపుకి మైలేజ్ టెస్ట్: లీటరుకి 6.1 నుంచి 8.8కి ఎలా తెచ్చామంటే

ఈ రోజుల్లో ఏ కారు మైలేజ్ చూడాలన్నా మనం మొదట చేసే పని ఒకటే. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు వెతికి, బ్లూటూత్ డాంగిల్ పెట్టి, యాప్ ఓపెన్ చేయడం. మా ఇంట్లో ఉన్న బండికి ఆ పోర్టు లేదు. ఈసీయూ లేదు, సెన్సర్లు లేవు. డ్యాష్‌బోర్డు మీద ఉన్న మీటర్లలో కూడా సగమే పనిచేస్తాయి. అది 1972 మహీంద్రా జీపు, పెట్రోల్. ఆర్సీలో విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది. మా రావికమతం 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది కానీ జీపు మాత్రం అదే షెడ్డులో ఉంది.

ఇది తాతయ్య కొన్న బండి. ఒకప్పుడు చెరకు తోటకి, చోడవరం సంతకి, పెళ్లిళ్లకి అన్నిటికీ ఇదే. ఇప్పుడు నెలకి 400 కి.మీ. తిరిగితే ఎక్కువ. అయినా లీటరు 110 రూపాయల దగ్గర ఉన్న పెట్రోలు దీనికి పోయడం నాన్నకి రోజూ గుండెకోతే. మొన్న సంక్రాంతికి నేను ఇంటికి వచ్చేసరికి విశాఖ నుంచి ఒకాయన బేరానికి ఫోన్ చేస్తున్నాడు. నాన్న నాకు ఒక షరతు పెట్టారు. "లీటరుకి పది వస్తే ఉంచుదాం. రాపోతే డీజిల్ ఇంజినేనా ఎక్కించాలి, లేపోతే అమ్మీడమే."

డీజిల్ ఇంజిన్ మార్చడానికి లక్షా పదివేలు అడిగారు. ఇంజిన్ మార్చాలంటే ఆర్టీఓ అనుమతి కూడా కావాలి. దానికితోడు 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల రూల్ ఒకటి ఉంది. 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు వస్తుంది. ఇంజిన్ మారిస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. కాబట్టి ఉన్న ఇంజిన్‌తోనే ఏం చేయగలమో చూడాలి.

ముందు స్పెక్ షీట్

పేరు మహీంద్రా అయినా ఇది పుట్టుకతో అమెరికన్. ఒహాయోలోని టొలీడోలో విల్లీస్-ఓవర్‌ల్యాండ్ కంపెనీ తయారుచేసిన జీపుల్ని మహీంద్రా 1947 నుంచి మన దేశంలో అసెంబుల్ చేసింది. ఎత్తు బానెట్ ఉన్న సీజే-3బీ మోడల్ అమెరికాలో 1953లో వచ్చి 1968లో ఆగిపోయింది. మన దగ్గర ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచింది. బానెట్ ఎత్తుగా ఉండటం స్టైల్ కోసం కాదు. లోపల ఉన్న 2.2 లీటర్ల 'హరికేన్' ఇంజిన్ పాతదానికంటే పొడవు. ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాక్‌లో ఉంటాయి. దీన్నే ఎఫ్-హెడ్ అంటారు.

మైలేజ్ ఎందుకు తక్కువో తెలియాలంటే చూడాల్సిన నంబర్ ఇంకొకటి ఉంది: యాక్సిల్ రేషియో 5.38. మూడే గేర్లు. 6.00-16 టైర్లతో లెక్కేస్తే 60 కి.మీ. వేగానికే ఇంజిన్ దాదాపు 2,400 ఆర్‌పీఎమ్ తిరగాలి. ఇది హైవే మీద పరుగెత్తడానికి చేసిన బండి కాదు, పొలంలో నాగలి లాగడానికి, బురదలోంచి బయటపడటానికి చేసినది. అమెరికాలో అప్పుడు పెట్రోలు చవక. ఆ ఖర్చు ఇప్పుడు బీఎన్ రోడ్డు మీద మనం కడుతున్నాం.

మొదటి షాక్: మీటరే అబద్ధం

నాన్న లెక్క ప్రకారం మైలేజ్ 5.6. ట్యాంక్ ఫుల్ చేసి, 168 కి.మీ. తిరిగి, మళ్లీ ఫుల్ చేస్తే 30 లీటర్లు పట్టింది. లెక్క కరెక్టే. కానీ అదే ప్రయాణాలన్నీ నా ఫోన్‌లో జీపీఎస్ ట్రాకర్‌తో రికార్డు చేస్తే 183 కి.మీ. వచ్చింది!

కారణం టైర్లు. మూడేళ్ల క్రితం లుక్ కోసం నేనే పట్టుబట్టి 31 అంగుళాల వెడల్పు మడ్ టైర్లు వేయించాను. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకి బండి ఎక్కువ దూరం వెళ్తుంది, ఓడోమీటర్‌కి మాత్రం ఆ సంగతి తెలియదు. అంటే అసలు మైలేజ్ 6.1. ఒక్క బోల్టు కూడా ముట్టుకోకుండా అర కిలోమీటర్ పెరిగింది. నాన్న నవ్వలేదు.

ఇక్కడ ఫోన్ గురించి ఒక మాట. ఓఐఎస్ ఉన్న కెమెరాలకి మోటార్‌సైకిల్ ఇంజిన్ల వైబ్రేషన్ మంచిది కాదని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. మా జీపు డ్యాష్‌బోర్డు మీద మౌంట్ పెడితే ఫోన్ ఏ రేంజ్‌లో ఊగుతుందో చూస్తే ఆ మాట వెంటనే నమ్ముతారు. నేను డ్రాయర్‌లో పడి ఉన్న, స్క్రీన్ పగిలిన పాత ఫోన్ వాడాను. జీపీఎస్ పనిచేస్తే చాలు. మీ ఫ్లాగ్‌షిప్‌ని జేబులో ఉంచండి.

టెస్ట్ పద్ధతి సింపుల్. ఒకే బంకు, ఒకే పంపు, బండి ఒకే చోట, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే ఫుల్ ట్యాంక్. రూటు చోడవరం వరకు ఒకసారి, కొత్తకోట మీదుగా నర్సీపట్నం వైపు ఒకసారి. ప్రతి మార్పు తర్వాత మూడు ట్యాంకులు. అయినా 0.3 కి.మీ. అటూ ఇటూ తేడా వస్తూనే ఉంటుంది. అంతకంటే చిన్న తేడాని నేను లెక్కలోకి తీసుకోలేదు.

399 రూపాయల 'ఫ్యూయల్ సేవర్'

మన సైట్‌లో ఇది టెస్ట్ చేయమని చాలామంది అడిగారు కాబట్టి, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ఆ డబ్బా కూడా ఒకటి కొన్నాను. దానికోసం జీపుకి సాకెట్ ప్రత్యేకంగా బిగించాల్సి వచ్చింది. మూడు ట్యాంకులకి 6.2, 6.0, 6.1. అంటే ఏమీ మారలేదు. విప్పి చూస్తే ఒక ఎల్‌ఈడీ, ఒక కెపాసిటర్, రెండు రెసిస్టర్లు. లైట్ మాత్రం బాగా వెలుగుతుంది. అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటి మైలేజ్ పరికరాలు వందకి పైగా పరిశీలించింది, చెప్పుకోదగ్గ లాభం ఇచ్చింది ఒక్కటీ కనపడలేదు. ఓబీడీ పోర్టులో పెట్టే వెర్షన్ కొనే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

900 రూపాయల గ్యాడ్జెట్ చేసిన పని

ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన గ్యాడ్జెట్ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. కోవిడ్ టైంలో నుదుటి దగ్గర పెట్టేవారు చూడండి, అలాంటిదే, కాకపోతే ఎక్కువ వేడిని కొలిచే రకం. చోడవరం వెళ్లి వచ్చాక నాలుగు చక్రాల డ్రమ్ములకీ గురిపెట్టాను. మూడు 48 డిగ్రీల దగ్గర ఉన్నాయి. వెనక ఎడమది 92! విప్పితే వీల్ సిలిండర్ తుప్పు పట్టి ఇరుక్కుపోయింది. అంటే ఇన్నాళ్లూ మేం బ్రేకు నొక్కిపెట్టుకునే బండి నడుపుతున్నాం. చేత్తో తాకితే కూడా తెలిసేదే, కానీ ఎవరు తాకుతారు?

సిలిండర్ కిట్ మార్పించి, షెడ్డులో ఉన్న పాత సన్నటి 6.00-16 టైర్లు బాగున్నవి ఏరి వేయించాను. టైర్ల విషయంలో ముందు నాకు డౌటే. పెద్ద టైరు ఉంటే ఇంజిన్ తక్కువ తిరుగుతుంది కాబట్టి, సన్నవి వేస్తే మైలేజ్ తగ్గాలి కదా? ఖాళీ హైవే మీద అయితే ఏమో. కానీ మా రోడ్డు గుంతల్లో నిమిషానికోసారి ఆగి కదలాలి, ఆ బరువైన చక్రాల్ని ప్రతిసారీ మళ్లీ తిప్పాలి. పోర్టబుల్ ఇన్‌ఫ్లేటర్‌తో గాలి కూడా సరిచూసుకున్నాక మైలేజ్ 7.0కి వచ్చింది.

అదే థర్మామీటర్‌తో రేడియేటర్ పై గొట్టం చూస్తే అరగంట నడిపాక కూడా 58 డిగ్రీలే. ఇంజిన్ చల్లగా ఉంటే మంచిదే కదా అనుకోవద్దు. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరవ్వదు, ఆయిల్ చిక్కగానే ఉంటుంది, రెండూ మైలేజ్‌ని తింటాయి. విప్పితే థర్మోస్టాట్ లేనే లేదు. మన ఎండలకి అది ఎందుకని తీసి పారేయడం పాత మెకానిక్కుల అలవాటు. కొత్తది వేస్తే 80 దగ్గర నిలబడింది.

1950ల నాటి ఓబీడీ

కంప్యూటర్ లేని ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే వ్యాక్యూమ్ గేజ్ కావాలి. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి ఒక సన్న పైపు, చివర ముల్లు ఉన్న డయల్, అంతే. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ముల్లు పడిపోతుంది, నెమ్మదిగా తొక్కితే పైన ఉంటుంది. బండి నిలిపి ఇంజిన్ ఆన్‌లో ఉంచితే మాది 16 దగ్గర వణుకుతోంది. పాయింట్ల గ్యాప్ ఫీలర్ గేజ్‌తో 0.5 మి.మీ.కి పెట్టి, టైమింగ్ లైట్‌తో టైమింగ్ సరిచేస్తే 19కి ఎక్కి నిలబడింది. థర్మోస్టాట్, టైమింగ్ రెండూ కలిపి మైలేజ్ 7.6.

నర్సీపట్నంలో మాకు ఎప్పటినుంచో తెలిసిన మెకానిక్ మావయ్య ఈ తతంగం చూసి, "ఏటి బాబూ, జీపుకి ఫోను కట్టీసినావు, జొరం చూసీసినావు, ఇంక సూది మందొకటే బాకీ" అన్నాడు. అసలు సూది మందు కార్బురేటర్‌కి కావాల్సి వచ్చింది.

విశాఖలో బైకులు ట్యూన్ చేసే ఫ్రెండ్ దగ్గర వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ అరువు తెచ్చాను. ఎగ్జాస్ట్ పైపుకి ఒక నట్టు వెల్డ్ చేసి అందులో బిగించాలి. అది లాంబ్డా చూపిస్తుంది. 1 అంటే గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోయాయని. 1 కంటే తక్కువైతే పెట్రోలు ఎక్కువ పడుతోందని. మా జీపు తాపీగా 45లో వెళ్తుంటే 0.79! అంటే కావాల్సినదానికంటే పావు వంతుకి పైగా పెట్రోలు ఎక్కువ. కార్బురేటర్ విప్పితే, ఎప్పుడో ఎవరో 'పికప్ కోసం' మెయిన్ జెట్ రంధ్రాన్ని పెద్దది చేసేశారు. ఫ్లోట్ మట్టం కూడా ఎక్కువే ఉంది.

అసలు సైజు జెట్ వేస్తే అయిపోతుంది అనుకున్నా. అవ్వలేదు. లాంబ్డా 1.06కి పోయి, ఎత్తు ఎక్కేటప్పుడు బండి గుటకలు వేయడం మొదలెట్టింది. ఇక్కడ వచ్చింది ఈ20 సంగతి. ఇథనాల్‌లో దాని సొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఇంధనం ఇంకొంచెం ఎక్కువ పోయాలి. కొత్త కార్లలో ఈసీయూ దానంతట అది సర్దుకుంటుంది. 1972 కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, మనమే జెట్ మార్చాలి. ఒక సైజు పెద్దది వేస్తే 0.96. అక్కడే వదిలేశాను. ఇంకా పలచన చేస్తే ఎగ్జాస్ట్ వాల్వులు వేడెక్కి మాడతాయి, ఆ ఖర్చు ముందు పెట్రోలు ఖర్చు ఎంత?

లీటరుకి ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిస్తే 6-7 శాతం మైలేజ్ మనం ఏ ట్యూనింగ్ చేసినా తిరిగి రాదు. చుట్టూ చెరకు తోటలే ఉన్న ఊళ్లో కూర్చుని ఇథనాల్‌ని తిట్టడం నాకు నామోషీగానే ఉంది, కానీ లెక్క లెక్కే. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ కూడా ఇథనాల్‌ని తట్టుకునేవి వేయించాను. మీ ఇంట్లో పాత కార్బురేటర్ బండి ఏదున్నా ముందు ఇవి చూసుకోండి, మైలేజ్ కోసం కాదు, మంటల భయానికి. ఇంత చేశాక 8.4.

మిగతాది కాలి కింద ఉంది. 45-55 మధ్య నడిపితే పెట్రోలు ఆదా అని పీసీఆర్ఏ ఎప్పటినుంచో చెబుతోంది. దానికి తోడు వ్యాక్యూమ్ ముల్లు 10 కిందకి పడకుండా తొక్కితే మూడు ట్యాంకుల సగటు 8.8.

ఖర్చు, ఫలితం

వైడ్‌బ్యాండ్ అరువుది కాబట్టి, పరికరాలకీ సామానుకీ కలిపి నాకు అయింది 13,000 లోపే. 100 కి.మీ.కి ఇంతకుముందు 16.4 లీటర్లు, ఇప్పుడు 11.4. నెలకి 400 కి.మీ. తిరిగితే రెండు వేలకి పైగా మిగులుతుంది. అమెరికాలో ఇలాంటి జీపులకి ఓవర్‌డ్రైవ్ యూనిట్లు వేసేవారు, అది దొరికితే 60లో కూడా ఇంజిన్ తాపీగా తిరుగుతుంది. తెప్పించే ఖర్చు చూశాక ఆ ట్యాబ్ మూసేశాను.

పది మాత్రం రాలేదు. ఎక్సెల్ షీట్ మొత్తం నాన్నకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చివరి గడి చూసి, "ఎనిమిదీ ఎనిమిదా" అని ఫోన్ తిరిగిచ్చేశారు.

తర్వాతి వారం ఆయనే జీపు తీసుకుని రెండుసార్లు నర్సీపట్నం వెళ్లొచ్చారు. నా ట్రాకర్ ఫోన్ సీటు కింద ఉన్న సంగతి ఆయనకి తెలియదు. ఫుల్ చేసి లెక్కేస్తే 9.2! ఒక ట్యాంకే కాబట్టి నా రూల్ ప్రకారం ఇది లెక్కలోకి రాదు. ఎలా నడిపారని అడిగితే, "ఆ ముల్లు పడిపోకుండా తోలినాను, అంతే కదా" అన్నారు. ఇంతలో విశాఖ ఆయన ఫోన్ మళ్లీ మోగింది. నాన్న నాకు ఫోన్ అందించి, "ఇంకా ట్యూనింగులో ఉందని సెప్పీయి" అన్నారు.