మిల్లు మూతపడ్డ ఊరికి గోడలే దిక్కైనయ్

ఒక ఊరు ఒక్క మిల్లు మీదనే బతుకుతుంటె, ఆ మిల్లు బంద్ అయిన్నాడు ఊరు ఏమైతది? ఈ ముచ్చట కాగజ్‌నగరోళ్లకు కొత్తగ చెప్పాల్సిన పనిలేదు. సిర్పూర్ పేపర్ మిల్లు 2014ల ఆగిపోయింది, మళ్ల 2018ల గని తిరగలేదు. జీతం ఆగితె ముందుగాల కిరాణం దుకాణంల ఖాతా పెరుగుతది. తర్వాత టైలర్ దగ్గర పని తగ్గుతది. ఆఖరికి మెయిన్ బజార్ల షట్టర్లు ఒక్కొక్కటే కిందికి దిగుతయ్. మిల్లు గేటుకు తాళం ఒక్కరోజుల పడ్తది, బజారుకు మాత్రం ఏండ్ల తరబడి పడుకుంట పోతది.

గిసొంటి ఆపదే కెనడాల ఒక చిన్న ఊరికి వచ్చింది. ఆ ఊరోళ్లు దానికి బొమ్మలతోని జవాబు చెప్పిన్రు. ఇంటే నవ్వులాటగ అనిపిస్తది గని, నలభై ఏండ్ల కింద మొదలైన ఆ పని ఇయ్యాల్టికీ నడుస్తున్నది. ఎట్ల నడుస్తున్నది, దాంట్ల మంచేంది, లొసుగేంది అనేది తమ్ముళ్లకు, చెల్లెండ్లకు జెర ఇడమర్చి చెప్పాలె. ఎందుకంటె గోడకు రంగులేసుడు చూసి, అదొక్కటే మందు అనుకునేటోళ్లు ఎక్కువైన్రు.

కట్టె మీద బతికిన ఊరు

ఊరు పేరు షెమేనస్. కెనడాకు పడమటి దిక్కు సముద్రంల వాంకోవర్ దీవి ఉంటది. ఆ దీవి అంచుకు ఉన్న ఊరు ఇది. అసలుకు అది స్టజూమినస్ అనే ఆదివాసీల నేల, ఊరి పేరు కూడ వాళ్ల పేరు నుంచే వచ్చింది. 1862ల అక్కడ మొదటి సామిల్లు పెట్టిన్రు. అడివిల పెద్దపెద్ద మాన్లు కొట్టుడు, మిల్లుల కోసుడు, కట్టెను ఓడలకెక్కించి దేశదేశాలకు పంపుడు. నూరేండ్లకు పైన ఊరంత దీని మీదనే బతికింది.

ఆ మిల్లుల్ల తెల్లోళ్లే కాదు, ఆదివాసీలు, చైనా కూలీలు, జపానోళ్లు చెమటోడ్చిన్రు. మన దేశపోళ్లు కూడ ఆ దీవి మిల్లుల్లకు పోయిన్రు. షెమేనస్‌కు ఎక్కువ దూరం లేని పాల్దీ అనే ఊరు పంజాబీ మిల్లు కార్మికుల ఊరే. మాయో సింగ్ అనే ఆయన పంజాబ్‌ల తన సొంతూరి పేరే దానికి పెట్టిండు.

1980 వచ్చేసరికి మిల్లు ముసలిదైంది. కట్టె ధర పడిపోయింది. పెద్ద రోడ్డు ఊరికి పక్క నుంచి పోతది, ఊర్లకు మలుపు తిరిగేటోడు లేడు. బజార్ల దుకాణాలు వెలవెలబోతున్నయ్.

బంద్ గాకముందే మేల్కొన్నరు

ఇక్కడ చాలామంది పొరపడ్తరు. మిల్లు బంద్ అయినంక బొమ్మలు గీసిన్రు అనుకుంటరు. గని మొదటి అయిదు బొమ్మలు 1982ల గీసిన్రు. మిల్లు బంద్ అయింది 1983ల. అంటె మబ్బు పట్టంగనే గొడుగు ఎతుక్కున్నరు, వాన పడేదాక ఆగలే.

అప్పుడు రాష్ట్ర సర్కారు పాత బజార్లను బాగుచేసుకునేటందుకు పైసలిచ్చే స్కీము ఒకటి తెచ్చింది. షెమేనస్ ఏ మున్సిపాలిటీ కిందికి వస్తదో దానికి గ్రాహం బ్రూస్ అనే వయసు పోరడు మేయర్‌గ ఉన్నడు. కార్ల్ షుట్జ్ అని జర్మనీ నుంచి వలసొచ్చిన వ్యాపారి ఒకాయన ఆ ఊర్లనే ఉంటడు. ఆయన 1971ల రొమేనియా దేశం పోయినప్పుడు, అక్కడి పాత క్రైస్తవ మఠాల బయటి గోడల మీద వందల ఏండ్ల కింద గీసిన బొమ్మలు చూసిండు. ఆ బొమ్మలు చూసేటందుకే ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నరు. మన ఊరి కత కూడ మన గోడల మీద ఎందుకు గీసుకోవద్దు అని అడిగిండు. మొదట్ల ఎవరూ ఇనలే. బజారు బాగుచేసే స్కీము వచ్చినంక గని ఆ మాటకు ఇలువ రాలే.

మొదటి బొమ్మల్ల దేవుడు లేడు, రాజు లేడు, లీడర్ లేడు. అడివిల దుంగల్ని గుంజే ఆవిరి ఇంజను, దాని సుట్టు పనిచేసే మనుషులున్నరు. అంటె ఊరోళ్ల తాతల పనే గోడెక్కింది. తర్వాత బొమ్మలు పెరిగి నలభై దాటినయ్.

బొమ్మ ఎట్ల బువ్వ పెడ్తది?

సూటిగ అడగాల్సిన సవాలు ఇది. గోడ మీది బొమ్మను చూసేటందుకు టికెట్ ఉండదు. మరి పైసలు ఏడికెళ్లి వస్తయ్?

కిటుకు నడకల ఉన్నది. బొమ్మలన్ని ఒక్కచోట లేవు, బజారంత పరుచుకొని ఉన్నయ్. ఒకటి చూసి ఇంకోదానికి పోవాలంటె దుకాణాల ముంగటి నుంచి నడవాలె. దారి తెల్వనీకి ఫుట్‌పాత్ మీద పసుపురంగు అడుగులు గీసిన్రు. ఆ అడుగుల ఎంబడి పోతె ఊరంత తిరిగొస్తవ్. తిరిగేటోనికి దూపైతది, ఆకలైతది, పిల్లలు ఐస్‌క్రీం కావాలంటరు. కారుల ఊరి పక్కకెళ్లి జువ్వున పోయేటోడు, కాలినడకన రెండు గంటలు ఊర్ల ఉంటడు. బొమ్మ పైసలియ్యదు, మనిషిని ఆపుతది. ఆగిన మనిషి పైసలు ఇస్తడు.

పొద్దంత తిరిగినోడు పొద్దుగూకంగనే ఎల్లిపోతె హోటల్ నడవది. 1993ల నాటకశాల షురువైనంక రాత్రికి కూడ జనం ఆగుడు మొదలైంది.

అమెరికాల ఇదే పనిని ఇంకో తీరుగ చేసిన్రు. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే లాభం చూసుకోని సంస్థ, 1977ల మూడు చిన్న పట్నాల మెయిన్ బజార్ల మీద ప్రయోగం చేసింది. అవి గేల్స్‌బర్గ్, మ్యాడిసన్, హాట్ స్ప్రింగ్స్. దాంట్ల నేర్చుకున్నది పట్టుకొని 1980ల దేశమంతటికి ఒక కేంద్రం పెట్టిన్రు. వాళ్లు చెప్పేది నాలుగు మాటలు: మనుషుల్ని కూడగట్టుడు, బజారు రూపం కాపాడుడు, నలుగురికి చాటుడు, ఎవుసం లెక్క యాపారాన్ని కూడ చూసుకుంట పెంచుడు. ఈ నాలుగిట్ల ఒక్కటి పట్టుకొని మూడు ఇడిస్తె పని కాదు. బొమ్మ అనేది రెండో దాంట్ల, మూడో దాంట్ల ఒక భాగం మాత్రమే.

సంఘం లేకుంటె సున్నమే

బొమ్మ గీసుడు కొన్ని వారాల పని. దాన్ని కాపాడుడు నలభై ఏండ్ల పని. ఎండకు రంగు ఎలుస్తది, వానకు పెచ్చులూడ్తది. గోడ ఒకరిది, బొమ్మ ఊరందరిది. దుకాణం అమ్ముడుపోతె కొత్త ఓనర్ సున్నం కొడ్తనంటె ఎవరాపాలె?

అందుకే షెమేనస్‌ల దీనికోసం ఒక సొసైటీ ఉన్నది. లాభం పంచుకోని సంఘం. ఊరి మనుషులే దాన్ని నడుపుతరు. గోడ ఓనర్లతోని మాట్లాడుడు, పాతబడ్డ బొమ్మను మళ్ల గీపిచ్చుడు, మ్యాపులు అమ్ముడు, చందాలు పోగేసుడు, మున్సిపాలిటీని అడిగి గ్రాంటు తెచ్చుకునుడు వాళ్ల పని. ఫొటోల్ల ఆర్టిస్టు కనపడ్తడు, సంఘం మీటింగుల కూసొని లెక్కలు రాసేటోడు కనపడడు. గని ఊరిని నిలబెట్టింది ఈ రెండో మనిషి. ప్రారంభం నాడు రిబ్బను కత్తిరించి, మూడేండ్లకు ఎవరూ పట్టించుకోక వెలిసిపోయిన బొమ్మ, అసలు బొమ్మే లేని గోడ కన్న ఊరి పరువు ఎక్కువ తీస్తది.

గోడ మీద ఎవరున్నరు?

నాకు అన్నిటికన్న ముఖ్యమనిపించే సంగతి ఇది. చరిత్ర అంటె ఎవరి చరిత్ర?

షెమేనస్ గోడల మీద చైనా హమాలీల బొమ్మ ఉన్నది. యమ బరువుండే కట్టె దూలాలను చేతుల మీద మోసి ఓడలకెక్కించిన మనుషులు వాళ్లు. వాళ్ల కాలంల కెనడా సర్కారు చైనా నుంచి వచ్చేటోళ్ల మీద తలపన్ను ఏసింది. 1885ల మొదలైన ఆ పన్ను 1903 కల్ల మనిషికి 500 డాలర్లైంది. ఒక జపాన్ పోరని బొమ్మ కూడ ఉన్నది. ఊరి స్కౌట్లల్ల చేర్చుకోకపోతె, ఉత్తరాల మీదనే అన్ని నేర్చుకొని తన తోటి జపాన్ పిల్లలకు సొంతంగ దళం పెట్టిండు. దాన్ని ‘ఒంటరి స్కౌట్’ అంటరు. 1942ల యుద్ధం సాకుతోని ఆ తీరంల ఉన్న దాదాపు 22 వేల మంది జపాన్ మూలాలోళ్లను ఇండ్లు ఇడిపిచ్చి తరిమిన్రు. షెమేనస్ జపానోళ్లు కూడ అట్లనే పోయిన్రు. ఊరు వెళ్లగొట్టిన మనుషుల్ని ఊరి గోడ మళ్ల గుర్తుచేస్తున్నది. ఇది చిన్న సంగతి కాదు.

గని ఇక్కడనే ఒక ముల్లు కూడ ఉన్నది. 1983ల ఆదివాసీల వారసత్వం మీద పెద్ద బొమ్మ గీసిన్రు. గీసింది పాల్ ఇగార్టువా, ఆయన ఆ తెగ మనిషి కాదు. బొమ్మ గంభీరంగనే ఉంటది. అయినా అడగాల్సిన మాట అడగాలె: మన మొఖం మన గోడ మీద ఎట్లుండాల్నో ఎవరు చెప్పాలె? బొమ్మల నిలబడుడు వేరు, కుంచె పట్టుకునుడు వేరు.

లెక్క కప్పిపెట్టొద్దు

‘బొమ్మలు ఊరిని బతికిచ్చినయ్’ అని రాసేటోళ్లు ఒక సంగతి మర్చిపోతరు. 1985ల షెమేనస్‌ల కొత్త మిల్లు మళ్ల తెరిసిన్రు. మిషన్లు పెరిగినయ్, పనోళ్లు మునుపటి కన్న చాలా తగ్గిన్రు. అంటె ఊరు బతికింది ఒక్క బొమ్మలతోనే కాదు.

పాత మిల్లుల యూనియన్ బలంగ ఉండేది, దాని కొట్లాటతోని కూలీ మంచిగ వచ్చేది. టూరిస్టుల మీద బతికే కొలువు వేరు. ఎండకాలం పని, చలికాలం ఖాళీ. హోటల్ల ప్లేట్లు అందిచ్చే జీతం, మిల్లు జీతానికి సాటి రాదు. కళ ఊరికి ప్రాణం పోస్తది గని, కూలీ రేటు పెంచది. దానికి మళ్ల మనమే కూడాలె, అడగాలె. ఈ నిజం చెప్పకుంట బొమ్మల గొప్పలే చెప్తె అది కంపెనీలకు సాకైతది. కొలువులు పీకేసి, పొయ్యి గోడలకు రంగులేసుకోండ్రి అంటరు.

అయినా నేను షెమేనస్‌ను తక్కువ చెయ్య. 1986 నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిల షెఫీల్డ్ అనే ఊరు దాన్ని చూసే గోడబొమ్మలు మొదలుపెట్టి నిలబడ్డది. ఒకరి పని ఇంకొకరికి దారైంది.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మీ ఊరి పాత బజార్ల ఇసొంటి పని చెయ్యాలనిపిస్తె, రంగు డబ్బా కొనకముందు నాలుగు పనులు చెయ్యుండ్రి. ఒకటి, ఊర్ల ముసలోళ్ల దగ్గర కూసొని ఏ పని మీద ఈ బజారు పుట్టిందో ఫోన్ల రికార్డు చెయ్యుండ్రి. రెండు, ఏ వాడ మనుషులు ఆ కతల లేరో చూడుండ్రి, వాళ్లనే ముందుగాల పిలువుండ్రి. మూడు, గోడ ఓనర్‌తోని కాయితం రాసుకోండ్రి. నాలుగు, సొసైటీ రిజిస్టర్ చేసి, పైసా పైసా లెక్క ఊరి ముంగట పెట్టుండ్రి. గీసినంక పదేండ్లకు ఆ బొమ్మకు మళ్ల రంగు ఎవరేస్తరో ఇయ్యాల్నే పేర్లు రాసుకోండ్రి. ఆ పేర్లు దొరికిన్నాడు మొదటి గీత గియ్యుండ్రి.