మానవ దేహంలో సిరలు: నిర్మాణం, విధులు

పాఠంలోకి వెళ్లే ముందు ఒక మాట విషయం తేల్చుకుందాం. ఆసుపత్రికి వెళ్లి వచ్చినవారు "సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదు" అంటారు. "పిక్కల మీద నరాలు ఉబ్బాయి" అంటారు. ఈ రెండు మాటల్లోనూ చెప్పింది నరం గురించి కాదు, సిర గురించి. నరం అంటే మెదడు నుంచి, వెన్నుపాము నుంచి బయలుదేరే తంతువుల కట్ట. మన పాఠ్యపుస్తకాలు దాన్ని నాడి అంటాయి. అది గొట్టం కాదు, దానిలో రక్తం ప్రవహించదు. ఇక వైద్యుడు మణికట్టు దగ్గర "నాడి చూశాడు" అన్నప్పుడు ఆయన వేలికి తగిలింది ధమని. ఒకే మాట ఇలా మూడు వేర్వేరు వస్తువులకు తిరుగుతూ ఉంటుంది. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు దీనివల్ల పెద్ద నష్టం లేదు. వైద్యం దగ్గర మాత్రం ఉంది. కాలిలో సిరలు ఉబ్బిన మనిషి తనది నరాల బలహీనత అనుకొని, మందుల షాపులో నరాల బలానికని మాత్రలు కొనుక్కుంటూ ఏళ్లు గడపవచ్చు. ఈలోగా చీలమండ దగ్గర చర్మం నల్లబడి పుండు పడుతుంది. కాబట్టి ఈ పాఠంలో రక్తాన్ని గుండె వైపు తీసుకువచ్చే గొట్టాన్ని సిర అనే పిలుద్దాం. మీరు జవాబు పత్రంలో కూడా అలాగే రాయండి.

వెనకటి పాఠంలో ధమనుల గురించి చదివారు. ధమనులకూ సిరలకూ ఉన్న తేడా అర్థం కావాలంటే నెల్లూరు జిల్లా సంగం దగ్గర పెన్న గట్టున నిలబడి చూస్తే చాలు. అక్కడ నదికి అడ్డుగా 2022లో ప్రారంభమైన బ్యారేజి ఉంది. అంతకు ముందు బ్రిటిష్ కాలపు ఆనకట్ట ఉండేది. అక్కడ మళ్లిన నీరు కనిగిరి జలాశయానికి వెళ్లి, పెద్ద కాలువలుగా, వాటి నుంచి పిల్ల కాలువలుగా చీలి, చివరికి మడిలోకి చేరుతుంది. ధమనుల తీరు ఇదే: బృహద్ధమని చీలుతూ చీలుతూ సన్నబడి రక్తకేశనాళికలు అవుతుంది. అదే సంగం దగ్గర బీరాపేరు వచ్చి పెన్నలో కలుస్తుంది. ఊరి పేరులోనే ఆ కలయిక ఉంది. వంకలు కలిసి వాగు, వాగులు కలిసి ఏరు, ఏరు వచ్చి నదిలో పడటం సిరల తీరు. రక్తకేశనాళికలు కలిసి సూక్ష్మసిరలు, అవి కలిసి సిరలు, చివరికి ఊర్ధ్వ బృహత్సిర, అధో బృహత్సిర అనే రెండు పెద్ద సిరలు గుండె కుడి కర్ణికలోకి తెరుచుకుంటాయి. తల, చేతులు, ఛాతీ పైభాగం నుంచి వచ్చే రక్తం మొదటిదానిలో, ఉదరవితానానికి దిగువ భాగాల రక్తం రెండోదానిలో వస్తుంది.

ఈ పోలిక ఒకచోట నిలవదు. ఏరు పల్లానికి పోతుంది. నిలబడి ఉన్న మనిషి కాలి సిరలో రక్తం మెరకకు ఎక్కాలి. సిర నిర్మాణంలో ప్రత్యేకంగా కనిపించేవన్నీ ఈ చిక్కుతో ముడిపడినవే.

గోడ నిర్మాణం

సిర గోడలో కూడా ధమనిలో మాదిరిగానే మూడు పొరలుంటాయి. లోపలిది అంతర కంచుకం. ఇది ఒకే వరుస కణాలతో నున్నగా ఉంటుంది కాబట్టి రక్తం అంటుకోకుండా జారిపోతుంది. నడిమిది మధ్య కంచుకం, దీనిలో నునుపు కండరాలు, స్థితిస్థాపక తంతువులు ఉంటాయి. వెలుపలిది కొల్లాజన్ తంతువులతో కూడిన బాహ్య కంచుకం. పొరల సంఖ్య ఒకటే అయినా పాళ్లు వేరు. ధమనిలో మధ్య కంచుకం మందం. సిరలో అది పలుచన, చాలా పెద్ద సిరల్లో బాహ్య కంచుకమే మందమైన పొర. మొత్తం మీద సిర గోడ పలుచగా, లోపలి కుహరం వెడల్పుగా ఉంటుంది.

ప్రయోగశాలకు దూరంగా ఉన్న మీకు ఇది చూడటం కష్టమేమీ కాదు. మాంసం కొట్టులో మేక గుండెను పైన గొట్టాలతో సహా కోసి ఇమ్మని అడగండి. బృహద్ధమని కోసిన తరవాత కూడా గుండ్రంగా నోరు తెరుచుకొని నిలబడుతుంది. బృహత్సిర ఖాళీ సంచిలాగా చప్పబడిపోతుంది. పుస్తకంలో పది వాక్యాలు చదివినదానికంటే ఇది ఎక్కువ కాలం గుర్తుంటుంది.

సాగే గుణం వల్ల సిరలు రక్తానికి గాదెలుగా కూడా పనిచేస్తాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు మన రక్తంలో సుమారు 60 నుంచి 70 శాతం సిరల్లోనే ఉంటుంది. గాయమై రక్తం పోయినప్పుడు సహానుభూత నాడులు సిరల గోడల్లోని కండరాలను సంకోచింపజేస్తాయి. అప్పుడు ఆ నిల్వ గుండె వైపు కదులుతుంది. రక్తదానంలో 350 మిల్లీలీటర్లు ఇచ్చి వచ్చిన ఆరోగ్యవంతుడు కాసేపటికి మామూలుగా నడిచి వెళ్లగలగడానికి ఈ సర్దుబాటు ఒక ముఖ్య కారణం. రక్తం తీసే సూదిని మోచేతి మడతలో గుచ్చడానికీ కారణం ఉంది. అక్కడి సిర చర్మానికి దగ్గరగా, వెడల్పుగా ఉంటుంది, దానిలో పీడనం తక్కువ. సూది తీశాక దూదితో నొక్కితే రక్తం ఆగుతుంది. ధమనిలో గుచ్చితే అంత సులువుగా ఆగదు.

మెరకకు ఎక్కడం ఎలా?

ఎడమ జఠరిక సంకోచించినప్పుడు బృహద్ధమనిలో పీడనం సుమారు 120 మి.మీ. పాదరసం. రక్తకేశనాళికలు దాటి సూక్ష్మసిరల్లోకి వచ్చేసరికి అది 15 మి.మీ. లోపుకు పడిపోతుంది. కుడి కర్ణిక దగ్గర దాదాపు సున్నా. పడుకున్న మనిషికి ఈ చిన్న తేడా చాలు, రక్తం తిరిగి వస్తుంది. లేచి కదలకుండా నిలబడితే పరిస్థితి మారుతుంది. పాదం నుంచి గుండె దాకా ఉన్న రక్తపు స్తంభం బరువు పాదం సిరలపై పడి, అక్కడ పీడనం సుమారు 90 మి.మీ.కు చేరుతుంది. ఇక్కడ విద్యార్థులు సాధారణంగా ఒక ప్రశ్న వేస్తారు: ఆ బరువును మోస్తూ రక్తం అసలు పైకెలా వస్తుంది? అదే బరువు పక్కనున్న ధమనిలోనూ పడుతోంది కాబట్టి రెండింటి మధ్య తేడా పోదు, ప్రవాహం ఆగిపోదు. అసలు ఇబ్బంది మరొకటి. ధమని గోడ గట్టిది, సాగదు. సిర గోడ సాగుతుంది. అందువల్ల లేచి నిలబడగానే దాదాపు అర లీటరు రక్తం కాళ్ల సిరల్లోకి, పొత్తికడుపు సిరల్లోకి దిగి అక్కడే నిలుస్తుంది. ఆ మేరకు గుండెకు చేరేది తగ్గుతుంది. ఎండలో పెరేడ్‌లో కదలకుండా నిలబడిన కుర్రవాడు కళ్లు తిరిగి పడిపోవడం మీరు చూసే ఉంటారు. మెదడుకు రక్తం చాలక జరిగేది అది. పడిపోగానే దేహం అడ్డంగా అవుతుంది, రక్తం గుండెకు చేరుతుంది, తెలివి వస్తుంది. అటువంటివారిని లేపి కూర్చోబెట్టకూడదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి.

నడిచేటప్పుడు కథ వేరు. పిక్క కండరం బిగిసినప్పుడల్లా దాని నడుమ ఉన్న లోతు సిరలు పిండినట్లవుతాయి. రక్తం పైకి, కిందికి రెండు వైపులా పోవాలి, కాని సిర లోపల కవాటాలు ఉన్నాయి. అంతర కంచుకమే మడతపడి ఏర్పడిన రెండు చిన్న జేబులు ఒక కవాటం. జేబుల నోళ్లు గుండె వైపు ఉంటాయి. పైకి పోయే రక్తం వాటిని గోడకు అదిమి దాటిపోతుంది. వెనక్కి వచ్చే రక్తం జేబుల్లో నిండి, అవి ఒకదానికొకటి ఆనుకొని దారి మూస్తాయి. కండరం సడలినప్పుడు ఖాళీ అయిన సిరలోకి కింది నుంచీ, చర్మం కింది సిరల నుంచీ రక్తం వస్తుంది. ఇలా అడుగడుగుకూ ఒక తోడు. నడుస్తున్నప్పుడు పాదం దగ్గర సిరల పీడనం 90 నుంచి 30 మి.మీ. దగ్గరికి తగ్గుతుంది. పిక్కను రెండో గుండె అనడం వట్టి అలంకారం కాదన్నమాట.

శ్వాస కూడా సాయం చేస్తుంది. గాలి పీల్చినప్పుడు ఉదరవితానం కిందికి దిగి, ఛాతీలో పీడనం తగ్గి, ఉదరంలో పెరుగుతుంది. అధో బృహత్సిరలోని రక్తం పైకి లాగబడుతుంది. కవాటాలు కాళ్లలో ఎక్కువ. బృహత్సిరల్లో, పెద్దవారి కాలేయ నిర్వాహక సిరలో ఉండవు.

మీ చేతి మీదే ఒక పరీక్ష

ఇటలీలోని పాడువాలో ఫాబ్రీషియస్ అనే ఆచార్యుడు 1603లో సిరల కవాటాల గురించి పుస్తకం ప్రచురించాడు. వాటిని స్పష్టంగా బొమ్మలు గీసి చూపాడు గాని, పని మాత్రం సరిగా చెప్పలేదు. అవయవాల వైపు రక్తం మరీ వేగంగా పారకుండా అవి అడ్డుకుంటాయనుకున్నాడు. ఆయన శిష్యుడు విలియమ్ హార్వే 1628లో అసలు విషయం నిరూపించాడు. ఆ నిరూపణను మీరు ఇప్పుడే చేసి చూడవచ్చు.

మోచేతికి పైన ఒక తువాలు ఓ మోస్తరు బిగువుగా చుట్టి పిడికిలి బిగించండి. ముంజేతి మీద సిరలు తేలుతాయి, వాటి మీద అక్కడక్కడ చిన్న ముడులు కనిపిస్తాయి. అవే కవాటాలున్న చోట్లు. ఒక సిరపై, మణికట్టు వైపు, వేలితో నొక్కి పట్టుకోండి. మరో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు ఒక ముడి దాటేదాకా రక్తాన్ని తోసి, ఆ రెండో వేలు తీసేయండి. ముడికి పైన సిర నిండుగా ఉంటుంది, కింద ఖాళీగానే ఉంటుంది. పై నుంచి రక్తం దిగదు. ఇప్పుడు మొదటి వేలు ఎత్తండి, కింది నుంచి ఒక్కసారిగా నిండుతుంది. తువాలును రెండు నిమిషాలకు మించి ఉంచకండి.

హార్వే దీనికి ఒక లెక్క కూడా జోడించాడు. నేటి అంకెల్లో చెప్పాలంటే గుండె ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 స్పందనలు, అంటే 5 లీటర్లు. గంటకు 300 లీటర్లు. తిన్న అన్నం నుంచి గంటకు అంత కొత్త రక్తం పుట్టడం అసాధ్యం. ఉన్న రక్తమే సిరల దారిన తిరిగి వస్తోందన్నమాట.

రెండు మినహాయింపులు, ఒక రంగు

సిరల్లో ఆక్సిజన్ తక్కువ రక్తం ఉంటుందని రాస్తే పరీక్షలో సగం మార్కులే వస్తాయి. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు వచ్చే నాలుగు పుపుస సిరల్లోనూ, గర్భస్థ శిశువుకు మాయ నుంచి వచ్చే బొడ్డు సిరలోనూ ఉండేది ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్న రక్తం. సిరకు నిర్వచనం దిశను బట్టే గాని రంగును బట్టి కాదు. పేగుల నుంచి వచ్చే కాలేయ నిర్వాహక సిర తిన్నగా గుండెకు పోకుండా ముందు కాలేయంలో మళ్లీ కేశనాళికలుగా చీలుతుంది. జీర్ణమైన ఆహారం ఊరంతా తిరగకముందే కాలేయం తనిఖీ చేస్తుందనుకోండి.

చర్మం మీద సిరలు నీలంగా కనిపిస్తాయి గాని లోపలి రక్తం ముదురు ఎరుపే. చర్మంలో వెలుతురు చెదిరి తిరిగి వచ్చే తీరు వల్ల మన కంటికి అలా తోస్తుంది.

కవాటం చెడితే

కవాటాల జేబులు సరిగా మూసుకోకపోతే రక్తం కిందికి జారి, చర్మం కింది సిరలు సాగి, మెలికలు తిరుగుతాయి. ఇవే ఉబ్బు సిరలు. వంశపారంపర్యం, గర్భధారణ, స్థూలకాయం, ఎక్కువసేపు నిలబడి చేసే పని దీనికి దారితీస్తాయి. ఉదయగిరి మెట్టలో గొర్రెల వెంట రోజంతా తిరిగే కాపరి పిక్కలు పంపు కొడుతూనే ఉంటాయి. హోటల్లో పెనం ముందు పది గంటలు ఒకేచోట నిలబడే దోసె మాస్టరుకు ఆ పంపు ఆగిపోయి ఉంటుంది. ఇద్దరూ కాళ్ల మీదే ఉన్నారు, కాని సిరలకు ఆ రెండూ ఒకటి కావు. సాయంత్రానికి కాళ్లు బరువెక్కడం, వాపు, తరవాత చీలమండ లోపలి వైపు దురద, నల్లదనం, చివరికి మానని పుండు, ఇదీ సాధారణంగా నడిచే వరుస. తొలి దశలోనే సర్జన్‌కు చూపిస్తే బిగువు మేజోళ్లు, అవసరమైతే లేజర్ లేదా శస్త్రచికిత్స ఉన్నాయి. మేజోళ్లు కూడా డాక్టరు చూసి చెప్పాకే వేసుకోవాలి. ధమనుల్లో అడ్డంకి ఉన్నవారికి అవి హాని చేస్తాయి.

లోతు సిరల్లో రక్తం గడ్డకట్టడం ఇంతకంటే ప్రమాదం. శస్త్రచికిత్స తరవాత మంచం పట్టినవారిలో, బాలింతల్లో, గంటల తరబడి కదలకుండా ప్రయాణించినవారిలో ఒక్క కాలే వాచి నొప్పి పెడితే ఆలస్యం చేయరాదు. ఆ గడ్డ విడిపోయి, బృహత్సిర, కుడి గుండె దాటి, ఊపిరితిత్తుల్లోని ధమనిలో అడ్డుపడవచ్చు.

చివరగా పొలాల్లో పనిచేసేవారి ఇళ్లలో అందరికీ తెలియవలసిన విషయం. పాము కరవగానే కాటుకు పైన తాడుతో బిగించి కట్టడం మన ఊళ్లలో అలవాటు. ఓ మోస్తరుగా కడితే ముందు మూసుకునేది తక్కువ పీడనం ఉన్న సిర. ధమని తెరిచే ఉంటుంది. రక్తం లోపలికి వస్తూ, బయటికి పోలేక కాలు మరింత వాస్తుంది. ధమని కూడా మూసుకునేంత గట్టిగా కడితే కండరాలు చచ్చిపోయి కాలే పోవచ్చు. పైగా కట్టు విప్పినప్పుడు ఆగిన విషం ఒక్కసారిగా పైకి ఎక్కవచ్చు. విషం సిరలతో పాటు శోషరస నాళాల గుండా కూడా పోతుంది, ఈ రెండింటినీ నడిపించేది కండరాల కదలికే. కాబట్టి తాడు కట్టవద్దు, కోయవద్దు, మనిషిని నడిపించవద్దు. కర్ర బద్దతో కాలు కదలకుండా వదులుగా కట్టి, మోసుకొని, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. చెయ్యి తలకు పైకెత్తితే ముంజేతి సిరలు చప్పబడి, కిందికి వేలాడదీస్తే ఉబ్బుతాయి. ధమనుల్లో ఆ తేడా ఎందుకు కనిపించదు?

2. కవాటాలు లేని బృహత్సిరల్లో రక్తం గుండె వైపే పోవడానికి తోడ్పడేవి ఏవి?