పాజిటివ్‌లో నిజమెంత? విసాపూర్ మీద వేసిన ఒక లెక్క

చాందా నుంచి బల్లార్షా పోయే దారిలో విసాపూర్ తగులుతుంది. బొటానికల్ గార్డెన్, సైనిక్ స్కూల్ దాటి ఇంకాస్త ముందుకు పోతే బల్లార్షా, అక్కడి పేపర్ మిల్లు. కాగితాల మీద చంద్రపూర్, బల్లార్‌పూర్ అని ఉన్నా తెలుగువాళ్ల నోట ఇవి చాందా, బల్లార్షాలే. బొగ్గు గనుల్లో, మిల్లులో పనికొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇటు చాలానే ఉన్నాయి. చుట్టాల్లో సగం మంది కాగజ్‌నగర్‌లోనో మంచిర్యాలలోనో ఉంటారు. అందుకే కరోనా రోజుల్లో ఇక్కడి ఇళ్లకు మహారాష్ట్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల రిపోర్టులూ వచ్చాయి, రెండు రాష్ట్రాల పుకార్లూ వచ్చాయి.

అప్పట్లో ఎక్కడ చూసినా రెండు మాటలు వినబడేవి. ఒకటి: "పాజిటివ్ చూపిస్తే ఆస్పత్రికి లక్షన్నర వస్తదట." ఇది వట్టి పుకారు, దీన్ని ఇక్కడే వదిలేద్దాం. రెండోది: "నిన్న పాజిటివ్ అన్నరు, ఇయ్యాల నెగెటివ్ అన్నరు. ఏది నమ్మాలె?" ఇది మాత్రం సరైన ప్రశ్న. దీన్ని అడిగినవాళ్లను అమాయకుల కింద కొట్టిపారేశారు గానీ, కూర్చోబెట్టి లెక్క చెప్పినవాళ్లు తక్కువ.

ఆ లెక్క రెండు సంఖ్యలతో మొదలవుతుంది. 2020 జూన్ 14న భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, ర్యాపిడ్ యాంటిజెన్ టెస్టుకు అనుమతిచ్చింది. కిట్టు దక్షిణ కొరియా కంపెనీ ఎస్‌డీ బయోసెన్సర్‌ది. ముక్కులో పుల్ల పెట్టి తీసిన శాంపిల్‌తో అక్కడికక్కడే, అరగంటలోపు ఫలితం. ఐసీఎంఆర్, ఎయిమ్స్ పరీక్షించి చూస్తే తేలిందేమిటంటే, వైరస్ ఉన్నవాళ్లు 100 మందిలో ఈ కిట్టు పట్టుకునేది 50.6 నుంచి 84 మందిని. దీన్ని సెన్సిటివిటీ అంటారు. వైరస్ లేనివాళ్లు 100 మందిలో "లేదు" అని సరిగ్గా చెప్పేది 99.3 నుంచి 100 మందికి. ఇది స్పెసిఫిసిటీ. ఈ సంఖ్యలేవీ దాచిపెట్టినవి కావు, ఐసీఎంఆర్ తన ఉత్తర్వులోనే రాసింది. కానీ టెస్టు చేయించుకున్నవాడి చేతికి వచ్చిన చీటీ మీద మాత్రం ఒకే ఒక్క మాట ఉండేది.

ఇప్పుడు విసాపూర్‌లాంటి ఊరిని తీసుకుందాం. లెక్క సులువుగా ఉండడానికి జనం సరిగ్గా 10,000 అనుకుందాం. ఊళ్లో వైరస్ అప్పుడప్పుడే అడుగుపెట్టింది, నూటికి ఒకరికి ఉంది. అంటే 100 మందికి ఉంది, 9,900 మందికి లేదు. ఊరంతటికీ ఒకే రోజు యాంటిజెన్ టెస్టు చేశాం. కిట్టు పనితనంలో తక్కువ సంఖ్యలనే వాడదాం. ఉన్న 100 మందిలో 51 మంది దొరికారు, 49 మంది తప్పించుకున్నారు. లేని 9,900 మందిలో వెయ్యికి ఏడుగురి చొప్పున 69 మందికి ఊరికే పాజిటివ్ వచ్చింది. మొత్తం పాజిటివ్‌లు 120. అందులో నిజమైనవి 51.

అంటే పాజిటివ్ చీటీ పట్టుకుని ఏడుస్తున్న 120 మందిలో సగం కంటే ఎక్కువ మందికి అసలు ఏమీ లేదు! స్పెసిఫిసిటీ 99.3 అన్న కిట్టుతో ఇలా ఎలా అవుతుంది? ఒక్క శాతం కంటే తక్కువ తప్పే అయినా అది పడేది 9,900 మంది మీద. సగం పట్టుకునే శక్తి పనిచేసేది 100 మంది మీదే. అదే రోజు నెగెటివ్ వచ్చినవాళ్ల సంగతి చూడండి. 9,880 మందిలో పొరపాటు 49 మాత్రమే. నెగెటివ్‌ను దాదాపు కళ్లు మూసుకుని నమ్మొచ్చు.

కాలం మారింది, 2021 ఏప్రిల్ వచ్చింది అనుకుందాం. జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులతో 1,000 మంది వరుసలో నిలబడ్డారు. వీళ్లలో 300 మందికి వైరస్ ఉంది. అదే కంపెనీ కిట్టు, అవే సంఖ్యలు. ఉన్న 300 మందిలో 152 మంది దొరికారు, 148 మంది జారిపోయారు. లేని 700 మందిలో తప్పుడు పాజిటివ్ ఐదుగురికే. ఇప్పుడు పాజిటివ్ 157, అందులో నిజం 152. నూటికి 97. నెగెటివ్ వచ్చినవాళ్లు 843 మంది, వాళ్లలో 148 మందికి నిజానికి వైరస్ ఉంది. దాదాపు ఆరుగురిలో ఒకరు "నాకేం లేదు" అనుకుంటూ ఇంటికెళ్లి అమ్మమ్మ పక్కన కూర్చున్నారు.

కిట్టు మారలేదు, దాని ముందు నిలబడ్డ గుంపు మారింది. మొదటి గుంపులో అనుమానించాల్సింది పాజిటివ్‌ను, రెండో గుంపులో నెగెటివ్‌ను. మనం చాలాచోట్ల దీన్ని తిరగేసి చేశాం. లక్షణాలున్నవాడు నెగెటివ్ చీటీ చూసి గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఏ లక్షణమూ లేకుండా ఆఫీసు కోసం టెస్టు చేయించుకున్నవాడు పాజిటివ్ అనగానే కుప్పకూలాడు.

ఐసీఎంఆర్‌కు ఈ లెక్క తెలియక కాదు. జూన్ 14 నాటి ఉత్తర్వులో రెండు షరతులు పెట్టింది. కంటైన్‌మెంట్ జోన్లలో, ఆస్పత్రుల్లో, లక్షణాలున్నవాళ్లకూ దగ్గరగా మెలిగినవాళ్లకూ ఈ టెస్టు వాడమంది. అంటే వైరస్ ఎక్కువగా ఉండే గుంపునే ఎంచింది. లక్షణాలుండీ నెగెటివ్ వస్తే తప్పకుండా ల్యాబులో ఆర్‌టీపీసీఆర్ టెస్టు చేయాలంది. కాగితం మీద పక్కాగానే ఉంది. కానీ రోజువారీ టెస్టుల సంఖ్య పెంచాలన్న ఒత్తిడి వచ్చాక కిట్టు స్టేషన్లకు, మార్కెట్లకు, ఆఫీసు గేట్లకు పోయింది. నెగెటివ్ వచ్చినవాణ్ని మళ్లీ పిలిచి ఆర్‌టీపీసీఆర్ చేసే పని మాత్రం ఎక్కడికక్కడ సన్నగిల్లింది. నా ఉద్దేశంలో జనం నమ్మకం పోయింది ఇక్కడే, ల్యాబులో కాదు.

ఈ చిక్కును సరిగ్గా దాటిన ఉదాహరణ కూడా ఒకటుంది. 2020 మే, జూన్ నెలల్లో ఐసీఎంఆర్ మొదటి జాతీయ సెరో సర్వే చేసింది. 70 జిల్లాల్లో 28,000 మంది రక్తం పరీక్షించారు. తెలంగాణ నుంచి కామారెడ్డి, జనగామ, నల్లగొండ జిల్లాలు అందులో ఉన్నాయి. వాడిన యాంటీబాడీ పరీక్ష పేరు కోవిడ్ కవచ్, స్పెసిఫిసిటీ దాదాపు 98 శాతం. అంటే దేశంలో ఒక్కరికీ వైరస్ సోకకపోయినా, 28,000 మందిలో 560 మందికి ఊరికే పాజిటివ్ రావాలి. ఆ సర్వేలో చివరికి పాజిటివ్‌గా నిలబడ్డవాళ్లు 157 మంది! ఎలాగంటే, పాజిటివ్ వచ్చిన ప్రతి శాంపిల్‌నూ ఇంకో కంపెనీ కిట్టుతో మళ్లీ పరీక్షించి, రెండింట్లోనూ పాజిటివ్ వచ్చినవే లెక్కలోకి తీసుకున్నారు. అలా వచ్చిందే పెద్దల్లో 0.73 శాతమన్న అంచనా. ఒక పరీక్ష తప్పును ఇంకో పరీక్షతో వడకట్టడమన్నమాట. ఇంట్లో బియ్యం రెండుసార్లు చెరిగినట్టు.

జనం అనుమానానికి ఇంకో కారణం ఉంది, అది అచ్చంగా నిజమైనది. యాంటిజెన్ కంటే ముందు, 2020 ఏప్రిల్‌లో, ర్యాపిడ్ యాంటీబాడీ కిట్లు వచ్చాయి. రెంటినీ ర్యాపిడ్ అనే పిలవడంతో రెండూ కలగాపులగమయ్యాయి. యాంటిజెన్ టెస్టు వైరస్ ముక్కను వెతుకుతుంది. యాంటీబాడీ టెస్టు వైరస్ మీద ఒళ్లు చేసిన పోరాటం ఆనవాళ్లను వెతుకుతుంది. అవి కనబడేందుకు వారం పైనే పడుతుంది కాబట్టి ఇవాళ జబ్బుందా అన్న ప్రశ్నకు అది పనికిరాదు. పైగా చైనా నుంచి తెప్పించిన ఆ కిట్లు సరిగ్గా పనిచేయలేదు. కరోనా ఉందని ముందే తేలిన 168 మందిపై వాడి చూస్తే సరిగ్గా చెప్పింది 5.4 శాతమేనని రాజస్థాన్ ప్రభుత్వం ప్రకటించింది. రాష్ట్రాల నుంచి వచ్చిన ఫలితాలు 6 నుంచి 71 శాతం దాకా ఊగాయని ఐసీఎంఆరే చెప్పింది. ఏప్రిల్ 21న రెండు రోజులు ఆపమంది, 27న వాడొద్దు, వెనక్కి పంపేయమంది. అదే సమయంలో ఢిల్లీ హైకోర్టులో బయటపడిన సంగతి, ఆ కిట్టు దిగుమతి ధర 245 రూపాయలు, అమ్మకం ధర 600. కోర్టు దాన్ని 400కు దించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ కొరియా ర్యాపిడ్ కిట్ల రేటు మీద గొడవే అయింది. ఒకటి 730 రూపాయలకు కొంటే, ఛత్తీస్‌గఢ్ 337కే తెచ్చుకున్నామంది. ఇవన్నీ పేపర్లలో చదివినవాడికి అన్ని టెస్టుల మీదా అనుమానం కలిగితే వాణ్ని తప్పుపట్టలేం.

ఆర్‌టీపీసీఆర్ సంగతికొస్తే, దానికి గోల్డ్ స్టాండర్డ్ అని పేరు. యంత్రంలో అది నిజంగా మేలిమిదే. శాంపిల్‌లో వైరస్ జన్యుపదార్థం రవ్వంత ఉన్నా రెట్టింపు చేస్తూ పోయి పట్టేస్తుంది. తంటా అంతా శాంపిల్ యంత్రం దాకా చేరడంలోనే. పుల్ల ముక్కులో ఎంత లోపలికి వెళ్లింది, చల్లదనం తగ్గకుండా ఎంతదూరం ప్రయాణించింది అన్నవి చిన్న విషయాలు కావు. చంద్రపూర్ జిల్లాలో 2020 మే 2న తొలి కేసు బయటపడ్డ నాటికి శాంపిళ్లు 150 కిలోమీటర్ల అవతల ఉన్న నాగపూర్‌కు పోవాల్సిందే. చాందా ప్రభుత్వ వైద్య కళాశాలలో ల్యాబు తర్వాత వచ్చింది.

అంతకంటే పెద్ద విషయం రోజు. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఏడు అధ్యయనాల నుంచి 1,330 శాంపిళ్ల ఫలితాలు పోగేసి, సోకిన ఏ రోజున ఆర్‌టీపీసీఆర్ ఎంతమందిని వదిలేస్తుందో 2020లో లెక్కగట్టారు. మొదటి రోజు నూటికి నూరు మందికీ నెగెటివే. నాలుగో రోజు 67 మందికి. లక్షణాలు మొదలయ్యే ఐదో రోజు 38 మందికి. అన్నిటికంటే మేలైనది ఎనిమిదో రోజు, అప్పుడు కూడా 20 మందికి నెగెటివ్. 21వ రోజుకు మళ్లీ 66. నిన్న నెగెటివ్, ఎల్లుండి పాజిటివ్ అయితే రెండు రిపోర్టులూ నిజమే కావచ్చు. మధ్యలో వైరస్ పెరిగింది, అంతే.

టెస్టులన్నీ బూటకమని వాదించేవాళ్లు 2020 మే నెలలో ఒక బొప్పాయిని సాక్ష్యానికి తెచ్చారు. మేక, బొప్పాయి శాంపిళ్లను మనుషుల పేర్లతో ల్యాబుకు పంపితే పాజిటివ్ వచ్చాయని టాంజానియా అధ్యక్షుడు మగుఫులి ప్రకటించారు. ఆఫ్రికా సీడీసీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వాదనను తోసిపుచ్చాయి. ల్యాబులో ఒక శాంపిల్ చుక్క ఇంకోదాంట్లో పడితే బొప్పాయికే కాదు, గుమ్మడికాయకూ పాజిటివ్ వస్తుంది. అది ఆ ల్యాబు శుభ్రత మీద ప్రశ్న. అంతవరకే.

మహారాష్ట్రలో 2021 నాటికి బేరం ఇంకో సంఖ్య మీదికి మళ్లింది. సీటీ వాల్యూ. వైరస్ కనబడేందుకు యంత్రం ఎన్నిసార్లు రెట్టింపు చేయాల్సి వచ్చిందో చెప్పే అంకె అది. తక్కువైతే వైరస్ ఎక్కువ. ఐసీఎంఆర్ 35 దాకా పాజిటివ్ అంటోంది, దాన్ని 24కు దించొచ్చా అని రాష్ట్ర ప్రభుత్వం అడిగింది. కుదరదు, దించితే వ్యాధి అంటించే చాలామంది జారిపోతారని ఐసీఎంఆర్ జవాబిచ్చింది. రెండు అంకెల మధ్య తేడా 11 లాగే కనబడుతుంది. కానీ ఒక్కో మెట్టుకూ రెట్టింపు కాబట్టి 24కూ 35కూ వైరస్ మొత్తంలో తేడా 2,048 రెట్లు. నిజానికి అటూ ఇటూ వాదన ఉంది. 35 దగ్గర దొరికినవాళ్లలో కొందరిలో మిగిలింది చచ్చిన వైరస్ ముక్కలే. అయితే ఇవాళ 34 చూపినవాడు వ్యాధి తగ్గుతూ అక్కడికి వచ్చాడా, పెరగబోతూ అక్కడ ఉన్నాడా అన్నది ఆ ఒక్క అంకె చెప్పలేదు. "నా సీటీ 30, నాకేం కాదు" అని ధీమాగా తిరిగినవాళ్లకు ఈ చివరి సంగతి ఎవరూ చెప్పలేదు.

2021 మే నాటికి దేశంలో పాజిటివిటీ 20 శాతం దాటింది. ల్యాబులు రిపోర్టు ఇవ్వడానికి రోజులు తీసుకుంటున్నాయి. చాందాలో పడకలు దొరకనివాళ్లు తెలంగాణ ఆస్పత్రులకు పోతున్నారు. మే 4న ఐసీఎంఆర్ ఒక సలహా విడుదల చేసింది. రాష్ట్రాల మధ్య తిరిగే ఆరోగ్యవంతులకు ఆర్‌టీపీసీఆర్ తప్పనిసరి అన్న నిబంధనను పూర్తిగా ఎత్తేయొచ్చు, ల్యాబుల మీద భారం తగ్గుతుంది అని. ఎనిమిది రోజుల తర్వాత, మే 12న, మహారాష్ట్ర ఉత్తర్వు వచ్చింది. ఏ దారిన రాష్ట్రంలోకి వచ్చినా 48 గంటల లోపు ఇచ్చిన ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ రిపోర్టు ఉండాలని.

మంచిర్యాలలో ఒకరికి సోమవారం వైరస్ సోకిందనుకోండి. గురువారం శాంపిల్ ఇచ్చారు, అది నాలుగో రోజు, నూటికి 67 పాళ్లు నెగెటివే వస్తుంది. శనివారం ఆ కాగితం జేబులో పెట్టుకుని బల్లార్షాలో రైలు దిగారు. అది ఆరో రోజు, ఎదుటివాళ్లకు బాగా అంటించే రోజుల్లో ఒకటి. కాగితం గడువు అప్పటికింకా తీరలేదు.