ఇంటికి బీమా: ఏది వస్తుంది, ఏది రాదు, ఎంత ఖర్చవుతుంది?

వరద వచ్చిన ప్రతిసారీ మన సంఘం వాళ్లం చందా పుస్తకం పట్టుకొని మీ గుమ్మం ఎక్కుతాం. మీరు కాదనకుండా ఇస్తారు. బియ్యం, దుప్పట్లు, గిన్నెలు కొని పంచుతాం. అయితే పంపిణీ ముగిసి ఇంటికి వచ్చాక ప్రతిసారీ ఒక ప్రశ్న మమ్మల్ని వేధిస్తుంది. తడిసిన గోడ, కొట్టుకుపోయిన తలుపు, పాడైన ఫ్రిజ్ సంగతేమిటి? వాటిని చందాలతో తిరిగి నిలబెట్టడం మన వల్ల అయ్యే పని కాదు. అందుకే ఈ ఏడాది సంచికలో ఇంటి బీమా గురించి నాలుగు మాటలు రాస్తున్నాం. మేము ఏజెంట్లం కాదు, బడి పంతుళ్లం. తెలుసుకున్నది పాఠంలా చెప్పడమే మా పని.

మన నేల సంగతి

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో నది 75 అడుగులు దాటింది. 2022 జులైలో మళ్లీ 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదికి వచ్చింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి తీసుకొచ్చిన సంగతి మనకు గుర్తే. ఈ రెండు వరదల్లోనూ ప్రభుత్వం తక్షణ సాయంగా ఇంటికి 10,000 రూపాయలు ప్రకటించింది. అది పొయ్యి వెలిగించడానికి సరిపోతుంది గానీ ఇల్లు బాగుచేయడానికి చాలదు.

వరద ఒక్కటే కాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4న ములుగు వైపు వచ్చిన ప్రకంపనలు మన జిల్లాల్లోనూ తెలిశాయి. అడవి అంచున ఉన్న ఊళ్లకు వేసవి మంటల భయం కూడా ఉంది.

భారత్ గృహ రక్ష

ఇదివరకు ఒక్కో కంపెనీ ఇంటి బీమా షరతులు ఒక్కో రకంగా ఉండేవి. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ‘భారత్ గృహ రక్ష’ పేరుతో ఒకే రకం పాలసీ తెచ్చింది. సాధారణ బీమా కంపెనీలు దీన్ని అమ్ముతాయి. షరతులు ఒకటే, ప్రీమియం మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి రెండు మూడు చోట్ల అడిగి చూడటం మంచిది.

ఇందులో అగ్నిప్రమాదం, పిడుగు, గ్యాస్ సిలిండర్ పేలుడు, గాలివాన, వరద, భూకంపం, అడవి మంటలు, అల్లర్లు, ఇంటి మీద చెట్టు పడటం, నీళ్ల ట్యాంకు పగలడం వంటి వాటి వల్ల జరిగే నష్టం వస్తుంది. ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే, బాగయ్యేవరకు వేరేచోట కట్టే అద్దె కూడా షరతుల మేరకు ఇస్తారు.

రానివి కూడా తెలుసుకోవాలి. పాతబడి కారే స్లాబు, చెదలు, నల్లరేగడి నేలలో పునాది కుదురుకునేటప్పుడు గోడలకు వచ్చే పగుళ్లు ఇందులోకి రావు. మామూలు దొంగతనం రాదు. వరద, అగ్నిప్రమాదం వంటివి జరిగిన ఏడు రోజుల్లోపు, వాటి కారణంగా జరిగిన దొంగతనానికే ఇది వర్తిస్తుంది. బంగారు నగలకు విడిగా అదనపు రక్షణ తీసుకోవాలి. ఇంటి ముందు గదిలో కిరాణా కొట్టో, కుట్టు దుకాణమో ఉంటే ఆ సరుకు ఇంటి పాలసీలోకి రాదు. దానికి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే వేరే పాలసీ ఉంది.

లెక్క ఇలా వేయాలి

చాలామంది స్థలం ధర కూడా కలిపి లెక్క వేస్తారు. అది పొరపాటు. వరద స్థలాన్ని ఎత్తుకుపోదు. బీమా చేసేది కట్టడానికే. లోపలి విస్తీర్ణాన్ని ఈనాటి నిర్మాణ ఖర్చుతో గుణించాలి. 800 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 2,000 రూపాయల ఖర్చు అనుకుంటే బీమా మొత్తం 16 లక్షలు. ఇంట్లోని సామానుకు ఈ మొత్తంలో 20 శాతం, అంటే 3 లక్షల 20 వేలు, ఆ పాలసీలోనే కలిసి వస్తుంది. ఇలా సామానుకు వచ్చే మొత్తం 10 లక్షలు మించదు. అంతకంటే ఎక్కువ కావాలంటే విడిగా రాయించుకోవాలి.

ప్రీమియం వెయ్యి రూపాయల బీమాకు ఇంత అని పైసల్లో లెక్క కడతారు. మాటవరసకు వెయ్యికి 40 పైసలు అనుకుందాం. 16 లక్షలకు ఏడాదికి 640 రూపాయలు, దాని మీద జీఎస్టీ. మీ ఇంటికి అసలు రేటెంతో కంపెనీనే అడగండి. ఎంత తేడా ఉన్నా, చాలామంది అనుకునేంత పెద్ద ఖర్చు కాదిది. పదేళ్ల వరకు ఒకేసారి తీసుకునే వీలుంది. అలా తీసుకుంటే బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున పెరుగుతుంది.

మన ఇళ్లలో వచ్చే చిక్కులు

మున్నేరు వరద తర్వాత మేము వెళ్లిన ఒక ఇంట్లో, “లోన్ తీసుకున్నప్పుడే బ్యాంకులో ఇన్సూరెన్స్ కట్టాం సార్” అని ధీమాగా కాగితం చూపించారు. చదివి చూస్తే అది అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి చేసిన బీమా. ఇంటికి పైసా రాదు. ఆ మాట చెప్పడానికి మాకు నోరు రాలేదు. మీ లోన్ ఫైలు ఈ రోజే తీసి చూడండి. మనిషికా, ఇంటికా?

రెండో చిక్కు వారసత్వం. తండ్రి చనిపోయి పదేళ్లయినా ఇల్లు ఆయన పేరుననే ఉంటుంది, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వాటాలు తేలవు. క్లెయిమ్ వచ్చాక సంతకం ఎవరు పెట్టాలన్నది తగాదా అవుతుంది. వాటాలు ముందే తేల్చుకోవడం దీన్‌కూ మేలు, దునియాకూ మేలు.

మూడోది ఏజెన్సీ ప్రాంతం. 1970 నాటి 1/70 చట్టం వల్ల భద్రాచలం వైపు చాలా ఇళ్లకు గిరిజనేతరుల పేరున సరైన పత్రాలు ఉండవు. అలాంటివారు ఉన్నది ఉన్నట్టు కంపెనీకి చెప్పి, ఒప్పుకుంటేనే డబ్బు కట్టాలి. పూరిల్లయితే పూరిల్లనే రాయించాలి. దాచిన విషయం క్లెయిమ్ రోజున బయటపడుతుంది. అద్దెకుండేవారు సామానుకు మాత్రమే బీమా చేసుకోవచ్చు.

నష్టం జరిగితే

వెంటనే కంపెనీకి తెలపండి. బురద కడగక ముందే ఫోటోలు తీయండి. సర్వేయర్ వచ్చి చూసేవరకు పాడైన సామాను పారేయకండి. పాలసీ కాగితం, ఇంటిపన్ను రశీదు, కొన్న బిల్లులు ఫోన్లో కూడా భద్రపరచండి. వరదలో మొదట తడిసేది బీరువా కింది అరలోని కాగితాలే. క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో న్యాయం జరగకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, ఫీజు లేదు. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబరు 155255.

ధర్మం మాటేమిటి?

బీమా జాయిజేనా అని మీలో చాలామంది అడుగుతారు. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ వాణిజ్య బీమాను కాదని, పరస్పర సహకార పద్ధతిని సమర్థించింది. దాన్నే తకాఫుల్ అంటారు. మన దేశంలో ఇంటికి అలాంటి పాలసీ అందుబాటులో లేదు. ఇక్కడి పరిస్థితుల్లో ఏం చేయాలన్న దానిపై ఉలమాల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. మీరు నమ్మే ముఫ్తీ సాహెబును అడిగి, మనసుకు కుదిరినట్టు చేయండి. మా బాధ్యత విషయం చెప్పడం వరకే.

చివరిగా ఒక్క విన్నపం. సంచిక మూసేముందు మీ ఇంటి విస్తీర్ణం, నిర్మాణ ఖర్చు ఒక కాగితం మీద రాసుకోండి. నీళ్లు గుమ్మం దాటాక తీసుకున్న పాలసీ ఆ నష్టానికి పనికిరాదు. అడిగేదేదో వేసవిలోనే అడగాలి. మీ ఇల్లు తన కాళ్ల మీద తాను నిలబడితే, మీరిచ్చే చందా ఏ ఆసరా లేని ఇంటికి చేరుతుంది. అల్లాహ్ అందరి గడపలనూ కాపాడుగాక, ఆమీన్.